చెమ్మా, చమ్మా?

గవ్వలసంచి: అష్టాచెమ్మా ఆడుతూ పెద్దవాళ్ళు "చెమ్మ పడితే..." అని ఏదో అనేవారు. తరువాతి ముక్క నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. నాలుగు గవ్వలూ వెల్లకిలా (నోరు పైకి) పడితే చెమ్మ, అంటే నాలుగు; నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. పోనీ, ఈ చెమ్మ అనే మాట ఏమిటి? తడేనా?

ఇందూరు: తడి కాదు లెండి. అష్ట సంస్కృతం కదా, చెమ్మ కూడా 'చతుర్' అరిగి వచ్చిందే.

యతిమైత్రి: అలా ఎలా అరుగుతుందండీ? ప్రాకృతంలో ధర్మం ధమ్మం, కర్మం కమ్మం అవుతాయి. అక్కడ 'ర్మ' 'మ్మ' అయింది. ఆ లెక్కన చమ్మ చర్మం నుంచి రావాలి. నాలుగుకీ తోలుకీ ఏం సంబంధం?

ఇందూరు: మరి చెమ్మచెక్కలో చెమ్మ?

యతిమైత్రి: అది చప్పట్లాట. గవ్వలతో దానికి పనిలేదు.

చింతపిక్క: వ్యుత్పత్తి సరే, ముందు గవ్వ వీపు చూడండి. అరగదీయని గవ్వ రెండువైపులా సమంగా పడకపోవచ్చు, నోటివైపు చదునుగా, వీపు గుండ్రంగా ఉంటుంది కనుక. వీపు మరీ అరగదీస్తే వెల్లకిలా పడుతుంది. సమంగా పడేవైతే 16 పందాల్లో చెమ్మ ఒకటి, అష్ట ఒకటి. గవ్వ పదిసార్లకి ఆరుసార్లు వెల్లకిలా పడిందా, అష్ట కంటే చెమ్మ ఐదు రెట్లు పడుతుంది. ఇంట్లో తగాదాలు అక్కడే మొదలు. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు ఒకవైపు తెల్లబడేదాకా గచ్చు మీద రుద్దండి.

గవ్వలసంచి: ఆరేళ్ళ పిల్లలు కూర్చుంటారా?

చింతపిక్క: చెమ్మో అష్టో పడితేనే కాయ దిగాలంటే సగటున ఎనిమిది పందాలు ఆగాలి. నలుగురు ఆడితే పిల్ల లేచిపోతుంది. మొదటి కాయ ఊరికే దింపనివ్వండి. ఒకరి కాయనైనా చంపితేగాని లోపలి ఎనిమిది గళ్ళలోకి పోకూడదన్న నియమం మాత్రం వదలొద్దు. పారిపోవాలా, చంపాలా అని పిల్ల లెక్క వేసుకునేది అక్కడే. మనం వేలు పెట్టి గడి చూపించామా, ఆ లెక్క మనదైపోతుంది. మనవడి కాయను బామ్మ జాలిపడి వదిలేసినా ఆట చెడుతుంది.

తిక్కనాభిమాని: ఓర్పు సంగతంటే విరాటపర్వమే. విరటుడు కొడుకు గెలుపు పొగడుకుంటుంటే కంకుభట్టు వేషంలోని ధర్మరాజు బృహన్నల పేరెత్తాడు. అంతే, ఆడుతున్న పాచికే మొహాన పడింది. వ్యాసుడి మాట "అక్షేణ", అంటే పాచికతో. తిక్కన చేతిలో ఆ ఘట్టం చదవాలి, ఒక్కొక్కరి మాటతీరు ఒక్కొక్కటి!

ఇందూరు: తిక్కన సరే. 2008 నాటి సినిమా పేరు 'అష్టా చమ్మా' అనే ఉంది, గమనించారా?

యతిమైత్రి: సినిమా పేరు నిఘంటువా?

గవ్వలసంచి: ఇంతకీ "చెమ్మ పడితే..." తరువాత?

చింతపిక్క: మళ్ళీ పందెం.

గవ్వలసంచి: అది నియమం అండీ. నేనడిగింది సామెత.