హైలక్స్ మాన్యువల్ 420 ఎన్ఎం, ఆటోమేటిక్ 500: ఘాట్‌లో ఆ 80 తేడా తెలుస్తుందా?

గేరుపెట్టె: టయోటా హైలక్స్ 2.8 డీజిల్ పికప్‌కి మాన్యువల్, ఆటోమేటిక్ రెండింటిలోనూ పవర్ 204 పీఎస్సే (హార్స్‌పవర్ లాంటి కొలతే). టార్క్ (ఇంజను తిప్పే బలం, కొలత ఎన్ఎం) మాత్రం మాన్యువల్‌కి 420, ఆటోమేటిక్‌కి 500. అనంతగిరి ఘాట్ ఫుల్ లోడుతో ఎక్కాలంటే ఆటోమేటిక్‌కి అంత డబ్బు పోయాలా?

లోడుబండి: పోయాల్సిందే. 204 పీఎస్ వచ్చేది 3000 ఆర్పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దాటాక. ఘాట్‌లో అంత ఎవరు తిప్పుతారండీ? ఎన్ఎంని ఆర్పీఎంతో హెచ్చవేసి 9549తో భాగిస్తే కిలోవాట్లు. 2000 దగ్గర 420కి 88, 500కి 105. తేడా కళ్లముందే ఉంది.

స్పానర్14: లెక్క కరెక్టే, అవసరం కూడా లెక్కేయండి. 3 టన్నుల బండి, వందకు 8 ఎత్తు, గంటకు 40 కి.మీ. ఎత్తెక్కడానికి 26 కిలోవాట్లు, టైర్లకు 4, గేర్లలో పోయేది కలిపినా 35 లోపే. 2000 దగ్గర 170 ఎన్ఎం చాలు. 420లో సగం కూడా కాదు!

బండి చచ్చేది హెయిర్‌పిన్‌లో. మూడో గేరులోనే తిప్పితే ఇంజను 1100కి పడిపోతుంది. మాన్యువల్‌కి పూర్తి టార్క్ 1400 నుంచే. ఆ కింద టర్బో (ఇంజనులోకి గాలి నొక్కే పంపు) టర్బైన్ తిప్పేంత ఎగ్జాస్ట్ ఉండదు, ఎంత తొక్కినా నల్లపొగే. మలుపుకు ముందే రెండులో వేస్తే గొడవే లేదు. ఆటోమేటిక్ 500 అయితే 1600 దాటాకే. అక్కడ ఆదుకునేది ఆ 80 కాదు, టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు నూనెతో పనిచేసేది, నెమ్మదిగా పోయేటప్పుడు టార్క్ పెంచుతుంది).

లోడుబండి: మలుపు సంగతి ఒప్పుకున్నా. కానీ రెండులో లాగితే డీజిల్ తాగదా? ఆర్పీఎం తగ్గితేనే మైలేజీ.

పంపుగది: సగమే నిజం లోడుబండి గారూ. ఆర్పీఎం తగ్గితే లోపలి రాపిడి తగ్గుతుంది, నిజమే. బూస్ట్ (టర్బో నొక్కే గాలి) రాని చోట ఫుల్‌గా తొక్కితే మాత్రం గాలి చాలక డీజిల్ మసైపోతుంది. ఆ మసి ఈజీఆర్ వాల్వులో (ఎగ్జాస్ట్‌లో కొంత తిరిగి ఇంజనులోకి పంపేది), టర్బో వేన్లలో (టర్బైన్ మీదికి ఎగ్జాస్ట్‌ను మళ్లించే రెక్కలు) పేరుకుంటుంది. వేన్లు బిగుసుకుంటే బండి లింప్ మోడ్‌లోకి పోతుంది, అంటే తనే పవర్ తగ్గించేసుకుంటుంది. లోడు మీద 1600–2200 మధ్య ఉంచండి.

చిన్న ఇంజన్లలో ఇలా ఆర్పీఎం నిలపాల్సిన అవసరం ఇంకా ఎక్కువ. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ పికప్ చూడండి. పాత 2.5కి 320 ఎన్ఎం, 1800–2800 దాకా. తర్వాతి 1.9కి 360, కానీ 2000–2500 మధ్యే. కాగితం మీద 1.9దే గెలుపు, లోడు మీద గేరు మార్చే పని కూడా దానిదే.

గేరుపెట్టె: మాన్యువల్‌నే రీమ్యాప్ చేసి (ల్యాప్‌టాప్‌తో ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్చి) 500 చేయిస్తే?

స్పానర్14: ముందు పోయేది క్లచ్. ఐదో గేరులో 1800 దగ్గర ఫుల్‌గా తొక్కండి: ఆర్పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే జారుతున్నట్టే. ఇక లాగుడు తగ్గిందనే రీమ్యాప్ చేయిస్తుంటే, ఆగి ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) హోసులు చూడండి. క్లిప్పు దగ్గర తడి నూనె మరక, తొక్కినప్పుడు బుస్సుమనే చప్పుడు ఉంటే బూస్ట్ అక్కడే పోతోంది. ఇంజను ఆపి, హోసులో గాలి పట్టి సబ్బునీళ్లు పోస్తే బుడగలొస్తాయి. క్లిప్పు మార్చి మళ్లీ ఘాట్ ఎక్కి చూడండి, ల్యాప్‌టాప్ సంగతి తర్వాత.