అప్‌డేట్: రాజీనామా రాయమంటే రాయాలా అని అడిగిన ప్రశ్నకు

హనుమకొండలోని మా కంపెనీ ఒక్క పొద్దులో సగం టీమ్‌ను తీసేసి, అందరినీ రాజీనామా రాయమంటోంది, ఏం చేయాలని పోయిన వారం అడిగిన. జవాబిచ్చినోళ్లందరికీ దండాలు.

రాయలేదు. "వ్యక్తిగత కారణాల వల్ల" అని సంతకం పెడితే ఇష్టపడి పోయినట్టే లెక్క, తొలగింపు పరిహారం అడగడం కష్టమైతది. తొలగింపు లెటరే అడిగి తీసుకోవాలి. పేస్లిప్పులు, ఫారం 16 (జీతంల కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) ముందే దించుకోవాలి. లాగిన్ తీసేసినంక దొరకవు.

గ్రాట్యుటీ (ఏండ్ల తరబడి పనిచేసినందుకు పోయేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) లెక్క ఎవరికి వాళ్లే వేసుకోండి: ఆఖరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 15తో, సర్వీసు ఏండ్లతో హెచ్చించి 26తో భాగించాలి. 26,000 మీద ఆరేండ్ల ఏడు నెలలుంటే ఏడేండ్ల కింద లెక్క, 1,05,000 వస్తది. పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం ముగిసిన తేదీ) కంపెనీ వేయకుంటే, ఆఖరి జమ తర్వాత రెండు నెలలకు పోర్టల్‌లో మనమే వేసుకోవచ్చు.

పెద్దసార్ల మీద కోపం నష్టాలొచ్చినందుకు కాదు. ముందురోజు దాకా కొత్త ప్రాజెక్టుల స్లైడ్లు చూపించి, తెల్లారి కెమెరా ఆపేసి కాగితం చదివినందుకు. ఉద్యోగం మిగిలినోళ్లు కూడా ఇప్పుడు వాళ్ల మాట నమ్ముతలేరు, సీట్ల కూసునే రెజ్యూమెలు పంపుతున్నరు.