‘తెలివి యొకింత లేనియెడ’: దృప్తుడా, తృప్తుడా?

నిన్న ఒక చెల్లెలు ఏనుగు లక్ష్మణకవి పద్యం పెట్టి, మొదటి పాదంలో ఉన్నది ‘దృప్తుడ’నా (గర్వించినవాడు) ‘తృప్తుడ’నా (తృప్తి పొందినవాడు) అని అడిగింది. భర్తృహరి సంస్కృత శ్లోకానికి ఇది తెలుగు. జవాబులు రెండు వైపులా వచ్చాయి. నాకు ప్రాణమైన పద్యం ఇది. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

తెలివి యొకింత లేనియెడఁ దృప్తుఁడనై కరిభంగి సర్వమున్
దెలిసితి నంచు గర్వితమతిన్ విహరించితిఁ దొల్లి, యిప్పుడు
జ్జ్వలమతులైన పండితుల సన్నిధి నించుక బోధశాలినై
తెలియనివాఁడనై మెలఁగితిన్ గతమయ్యె నితాంత గర్వమున్

ఛందస్సు తేలుస్తుందేమోనని మొదట అటే చూస్తాం. తేల్చదు. చంపకమాలలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాల్సిన చోటు, పదకొండో అక్షరం మీద పడుతుంది. ‘తె’కు అక్కడ ‘దృ’ ఉన్నా చెల్లుతుంది, ‘తృ’ ఉన్నా చెల్లుతుంది. వ్యాకరణమూ అంతే. ‘ఎడన్’ చివర ద్రుతం (న్) ఉంది కనుక దాని తర్వాత ‘తృప్తుడు’ వస్తే సరళాదేశం జరిగి, అంటే ‘త’ ‘ద’గా మారి, ‘దృప్తుడు’ అయిపోతుంది. కవి రాసిందే ‘దృప్తుడు’ అయినా మనకు కనిపించే అక్షరం అదే. తాళపత్రాలు వెతికినా లాభం లేదు, అక్కడా ‘దృ’ అనే ఉంటుంది.

అందుకని మూలానికి పోవాలి. భర్తృహరి శ్లోకంలో ఆ ఏనుగు ‘మదాంధః’, మదమెక్కి కళ్ళు కనపడని ఏనుగు. తెలుగులో మదం అన్న మాట రాలేదు, ‘కరిభంగి’ (ఏనుగులాగా) మాత్రం మిగిలింది. ఆ మదాన్ని మోసేది ‘దృప్తుడు’ ఒక్కటే, గర్వించినవాడని అర్థం. తృప్తుడని చదివామంటే ఏనుగుకు అక్కడ పనే లేదు. నా ఓటు దృప్తుడికే.

మూలంతో పోల్చి చూస్తే ఇంకో సంగతి కనిపించింది. సంస్కృతంలో గర్వపడేవాడు ‘కించిద్‌జ్ఞుడు’, కొంచెం తెలిసినవాడు. తెలుగులో వాడికి ఆ కొంచెమూ లేదు. ఇక్కడ మూలానిదే పైచేయి అని నా అభిప్రాయం. ఏమీ తెలియనివాడు మామూలుగా నోరు మెదపడు, నాలుగు ముక్కలు తెలిసినవాడే సభ ఏలేస్తాడు. కానీ చివరికొచ్చేసరికి తెలుగే గెలిచింది. మూలంలో ‘మూర్ఖోఽస్మి’ అని తనను తాను తిట్టుకుంటాడు. మన కవి ‘తెలియనివాడనై మెలగితిన్’ అన్నాడు. ‘ఇంచుక బోధశాలినై’ అన్న మాట ముందు పాదంలోనే ఉంది, గమనించండి. కొంచెం తెలిసింది, తెలిశాకే తెలియనివాడయ్యాడు. ‘మెలగితిన్’ అంటే ఒక్క రోజు అనుకుని వదిలేయలేదు, అలాగే బతికాడు.

— చిత్తూరు నుంచి ఒక టీచరమ్మ:
నమస్తే అన్నా. మా చిన్నప్పుడు బడిలో ‘తృప్తుడనై’ అనే చెప్పినారు. దాంట్లోనూ న్యాయం ఉంది కదా. తెలియనివాడికి ఉన్నది చాలు, ఇంకేమీ అడగాలని అనిపించదు. ఏనుగు సంగతి మీరు చెప్పినాక కాదనలేను కానీ, ఆ అర్థం వదులుకోవాలంటే మనసు రావడం లేదు. ఈ పద్యం తొమ్మిదో తరగతిలో చెప్పినప్పుడు ఒక పిల్ల లేచి అడిగింది: “మేడమ్, ప్లూటో గ్రహం అని మా అమ్మ చదువుకుంది, కాదని మాకు చెప్తున్నారు. రేపు ఇది కూడా మారిపోయేదే అయితే ఇప్పుడు ఎందుకు నేర్చుకోవాలి?” 2006లో అట్లా నిర్ణయించినారని చెప్పినాను గానీ, పిల్ల అడిగింది అది కాదు. మీరైతే ఏం చెప్పేవాళ్ళు?

— దానికి నా జవాబు:
ఎంత చక్కటి ప్రశ్న అమ్మా! వీలైతే పిల్లల్ని ఒకసారి మా తిరుమల ఘాట్ రోడ్డుకు తీసుకురండి. కొండను తొలిచిన చోట కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా, ఇంకో రకం గట్టి రాయైన క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. రెండూ కలిసే గీత మీద వేలు పెట్టొచ్చు. జియలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ స్మారకంగా ప్రకటించిన చోటు అది. కింది రాయికీ పై రాయికీ మధ్య 80 కోట్ల ఏళ్ళ పైచిలుకు తేడా ఉందని లెక్క. ఆ కాలానికి సంబంధించిన రాయి అక్కడ లేనే లేదు.

ఇప్పుడు 1862కు వెళ్దాం. తర్వాత లార్డ్ కెల్విన్‌గా పేరుపడ్డ విలియం థామ్సన్, భూమి చల్లారడానికి పట్టే కాలాన్ని బట్టి దాని వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ళ మధ్య అన్నాడు. మన కొండ మీది ఆ ఒక్క గీతలో ఇమిడిన కాలం, ఆయన మొత్తం భూమికిచ్చిన వయసులో పై హద్దుకే రెట్టింపు! ఆయన లెక్క తప్పలేదు. లోపలంతా గట్టి రాయే, వేడి దాని గుండా మెల్లగా పాకి బయటికి పోతుందని ముందే అనుకుని లెక్క మొదలుపెట్టాడు. 1895లో ఆయన దగ్గర ఒకప్పుడు సహాయకుడిగా పనిచేసిన జాన్ పెర్రీ, లోపలి పదార్థం కదులుతూ వేడిని పైకి మోసుకొస్తుంటే ఏమవుతుందని అడిగాడు. అలాగైతే వయసు ఎన్నో రెట్లు పెరుగుతుందని చూపించాడు. కెల్విన్ ఒప్పుకోలేదు. 1897లో ఇంకా కుదించి 2 నుంచి 4 కోట్లే అన్నాడు. రేడియోధార్మికతతో రాళ్ళ వయసు కట్టడం వచ్చాక ఇప్పుడు మనం 454 కోట్లు అంటున్నాం.

ఆ పాపకు ఇది చెప్పండి. కెల్విన్ కారణం చెప్పి లెక్క కట్టాడు కాబట్టే, ఎక్కడ వేలు పెట్టాలో పెర్రీకి తెలిసింది. నేర్చుకోకపోతే మార్చడం ఎవరి తరం? పాఠం చెప్పేటప్పుడు జవాబుతో పాటు ‘ఇలా ఎందుకు అనుకుంటున్నాం’ అన్నది కూడా చెప్పాలి. మన పుస్తకాలు ఆ ఒక్క ముక్కా వదిలేస్తున్నాయి, నాకు బాధ కలిగేది అక్కడే.

— మరో సభ్యుడు:
అన్నా, శ్లోకం చివర ‘జ్వర ఇవ’ ఉంది కదా, గర్వం జ్వరంలా దిగిపోయిందని. తెలుగులో అది లేదేం?

— నేను:
లేదు తమ్ముడూ, నాకూ లోటుగానే ఉంటుంది. జ్వరం దిగిన మనిషికి నీరసం ఉంటుంది, కానీ ఆకలీ అప్పుడే పుడుతుంది. తెలియదని తెలిశాక కలిగే కుతూహలం కూడా అలాంటిదే. దాన్ని తెస్తే పాదం చాలదనుకున్నాడో, ‘నితాంత గర్వము’ చాలనుకున్నాడో.

టీచరమ్మా, క్లాసులో దృప్తుడనే చెప్పండి, ఏనుగు కారణంతో సహా. పరీక్షలో తృప్తుడని అర్థం రాసిన పిల్ల కారణం కూడా రాస్తే మాత్రం మార్కు తీసేయకండి. ఎవరి ఇంట్లోనైనా పాత టీకాతాత్పర్యాల ప్రతి ఉంటే, ఈ పాదం ప్రతిపదార్థం ఫోటో తీసి పెట్టండి. టీకాకారుడు ‘గర్వించినవాడనై’ అన్నాడో ‘తృప్తి పొందినవాడనై’ అన్నాడో చూడాలని ఉంది.