సూపర్‌మేన్ డ్రెస్సు: ఎర్ర నిక్కరు ఉంచాలా? ఛాతీ మీద గుర్తు ఊడకుండా ఎలా?

విజయనగరంలో ఫ్యాన్స్ కోసం సూపర్‌మేన్ డ్రెస్సు తయారవుతోంది. రెండు చోట్ల పని ఆగింది, తెలిసినవాళ్లు చెప్పండి.

ఒకటి నిక్కరు గొడవ. 1938 నుంచి ఉన్న ఎర్ర నిక్కరును కామిక్స్‌లో 2011లో తీసేశారు, 2018లో యాక్షన్ కామిక్స్ 1000వ సంచికతో మళ్లీ తెచ్చారు. 2025 సినిమాలో సూపర్‌మేన్‌గా వేసిన డేవిడ్ కోరెన్స్‌వెట్‌ది కూడా నిక్కరు డ్రెస్సే. అయినా సగం మంది "ప్యాంటు మీద నిక్కరేటి, నవ్వుతారు" అంటున్నారు. అది తీసేస్తే మెడ నుంచి బూట్ల దాకా ఒకటే నీలం, వట్టి బెల్టు సరిపోదు. నా ఓటు నిక్కరుకే. దాన్ని విడిగా వేయాలా, ప్యాంటుకే కలిపి కుట్టాలా?

అసలు తలనొప్పి గుర్తు. బట్ట నాలుగు వైపులా సాగే లైక్రా, గుర్తు 5 మి.మీ. ఈవీఏ ఫోమ్ (రబ్బరులాంటి మెత్తటి షీటు). రెండు వైపులా కాంటాక్ట్ గమ్ పూసి, 10 నిమిషాలు ఆరనిచ్చి అంటించినా, చేతులు పైకెత్తగానే అంచులు లేస్తున్నాయి. బట్ట సాగుతుంది, ఫోమ్ సాగదు మరి. అక్రిలిక్ రంగు కూడా వంపుల దగ్గర పగిలింది.

ఫోమ్ 2 మి.మీ.కి తగ్గించి, లోపలివైపు కాన్వాసు ముక్క పెట్టి, మధ్యలో మాత్రమే కుడితే నిలుస్తుందా? లేక గుర్తును కూడా లైక్రాతోనే కత్తిరించి జిగ్‌జాగ్ కుట్టు వేయడమే మేలా? మామూలు సూది కుట్లు వదిలేస్తోంది. సాగే బట్టకు వాడే, మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూదులు గంటస్తంభం వైపు ఏ షాపులోనైనా దొరుకుతాయా, విశాఖ వెళ్లాల్సిందేనా?