మణికట్టు నొప్పి: ఏ వైపు, ఏ పనికి, ఏ వేళలో? తెలిసినవాళ్లు చెప్పండి

ఉదయగిరి_కొయ్యపని
మాది ఉదయగిరి. ఇంట్లో అమ్మ, పిన్ని కొయ్య గరిటెలు, చెంచాలు చేస్తారు. చెక్కాక ఆకురాయితో గంటల తరబడి రుద్దాలి. ఇద్దరికీ కుడి మణికట్టే నొప్పి, కానీ ఒకే రకం కాదు. అమ్మకు బొటనవేలి మొదట్లో నొప్పి. బిందె ఎత్తితే విలవిల్లాడిపోతుంది. పిన్ని పగలంతా బాగానే ఉంటుంది, అర్ధరాత్రి వేళ్లు తిమ్మిరెక్కి లేచి చెయ్యి విదిలించుకుంటుంది. మందుల షాపులో ఇద్దరికీ ఒకటే ఆయింట్‌మెంట్ ఇచ్చారు. ఒక్క కీలులో ఇన్ని రకాల నొప్పులు ఎలా వస్తాయి? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి రాయండి.

ఒంగోలు_ఫిజియో
తమ్ముడూ, మణికట్టు ఒక్క కీలు కాదు, అందుకే నొప్పులూ ఒకటి కావు. అక్కడ 8 చిన్న ఎముకలు, నాలుగేసి చొప్పున రెండు వరసల్లో ఉంటాయి. ముంజేతిలో ఉన్న రెండు ఎముకల్ని బడిలో రత్ని, అరత్ని అని చదువుకున్నాం. బొటనవేలి వైపుది రత్ని. నేల మీద చెయ్యి ఆనించి లేచేటప్పుడు పడే బరువులో సుమారు 80 శాతం అదే మోస్తుంది. చిటికెన వేలి వైపున్న అరత్ని ఆ చిన్న ఎముకలకు నేరుగా తగలదు. మధ్యలో మెత్తటి మృదులాస్థి బిళ్ల ఉంటుంది. తడి బట్టలు పిండేటప్పుడు చిటికెన వేలి వైపు నొప్పి అన్నవాళ్లలో నేను ముందు ఆ బిళ్లనే అనుమానిస్తాను.

చెయ్యి కిందికీ పైకీ వంచడం, పక్కలకు ఒరిగించడం మణికట్టు పని. అరచేతిని తిరగేయడం మాత్రం అక్కడ జరగదు. రత్ని, అరత్ని చుట్టూ తిరగడం వల్ల జరుగుతుంది.

ఇంకో సంగతి. వేళ్లను బలంగా ముడిచే కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. వాటిని వేళ్ల ఎముకలకు కలిపే తాళ్లలాంటి టెండన్లు మణికట్టు దాటి వేళ్లకు వెళ్తాయి. అరచేతి వైపు ఒక ఇరుకు దారిలో 9 టెండన్లు, వాటితో పాటు మీడియన్ నరం దూరతాయి. అడుగున ఎముకలు, పైన గట్టి లిగమెంట్ పట్టీ. ఆ దారి ఎటూ సాగదు కాబట్టి టెండన్ల చుట్టూ ఉన్న పొర వాస్తే నలిగేది నరమే. మీ పిన్నిగారిది అదే అయి ఉండొచ్చు. కార్పల్ టన్నెల్ అంటారు. తిమ్మిరి చిటికెన వేలికి కూడా ఉందా? అడిగి చెప్పండి.

కోవూరు_అక్క
నేను రొయ్యల షెడ్డులో చేశాను. ఐసు నీళ్లలో చేతులు పెట్టి తల తీయడం, పొట్టు తీయడం, పొద్దస్తమానం అదే. నాకూ రాత్రిళ్లే తిమ్మిరి. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారేవి, చిటికెన వేలు మాత్రం బాగుండేది. డాక్టరమ్మ మొదట అడిగిందీ ఆ మాటే. చిటికెన వేలి నరం ఆ ఇరుకు దారిలో పోదంట, వేరే దారి ఉందంట. నరాల పరీక్ష రాసింది, షుగరు, థైరాయిడ్ కూడా చూపించింది. థైరాయిడ్ బయటపడింది. రాత్రి పడుకునేటప్పుడు చెయ్యి వంగకుండా స్ప్లింట్ పెట్టుకోమంది. ఆ ఒక్క పనితోనే నిద్ర పట్టింది నాకు. గర్భిణులకు కూడా ఈ తిమ్మిరి వస్తుందని చెప్పింది.

ఒంగోలు_ఫిజియో
అక్క చెప్పింది అక్షరాలా నిజం. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. నిటారుగా ఉంచితే తగ్గుతుంది. అయితే బొటనవేలి కింది కండ పల్చబడుతున్నా, చేతిలో వస్తువులు జారిపోతున్నా స్ప్లింట్‌తో కాలం గడపొద్దు, ఎముకల డాక్టరుకు చూపించండి.

చీమకుర్తి_డ్రిల్లింగ్
గెలాక్సీ గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ పని నాది. చలికాలం పొద్దున్నే రెండు వేళ్లు తెల్లగా పాలిపోయి సూదులు గుచ్చినట్టు ఉంటాయి. ఇదీ మణికట్టు వల్లేనా?

ఒంగోలు_ఫిజియో
అది అదురు వల్ల వేళ్ల రక్తనాళాలు ముడుచుకోవడం, అన్నా. పొగ తాగితే ఇంకా ముడుచుకుంటాయి. తిమ్మిరి కూడా ఉంటే నరం సంగతీ చూడాలి. తొందరగా చూపించుకోండి, ముదిరితే వెనక్కి రావడం కష్టం.

సింగరాయకొండ_బండి
నాది పడ్డ దెబ్బ. హైవే మీద బండి జారి అరచెయ్యి ఆనించి పడ్డాను. వాపు కొంచెమే. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఏమీ లేదు, బెణికింది అని పంపేశారు. మళ్లీ రమ్మని ఒక్క మాట అనలేదు. నొప్పి మాత్రం పోలేదు. బొటనవేలిని పైకి చాపితే దాని మొదట్లో రెండు టెండన్ల మధ్య చిన్న గుంట పడుతుంది కదా, అక్కడ నొక్కితే ప్రాణం లేచొచ్చేది. నెల్లూరులో ఇంకో డాక్టరు ఆ గుంట నొక్కి చూసి, మళ్లీ ఎక్స్‌రే తీయించాడు. మణికట్టులోని ఆ 8 చిన్న ఎముకల్లో ఒకటైన స్కాఫాయిడ్ నడిమి భాగంలో విరిగింది. మొదటి రోజుల్లో ఆ చీలిక ఎక్స్‌రేలో కనపడకపోవచ్చట. అనుమానం ఉంటే కట్టు వేసి ఉంచి, పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీయాలట, లేదా ఎంఆర్ఐ చూడాలట. నాకు ఆ మాట మొదటి చోటే చెప్పి ఉంటే అన్నాళ్లు విరిగిన ఎముకతో క్లచ్చు నొక్కేవాణ్ణి కాదు.

ఆ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు కొస నుంచి వెనక్కి వస్తుందట. నడిమి భాగంలో విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం సరిగా అందకపోవచ్చు, అతకడం ఆలస్యం, ఒక్కోసారి ఆ ముక్క చచ్చిపోతుంది. నాకు చివరికి స్క్రూ వేశారు. అరచెయ్యి ఆనించి పడి, ఆ గుంటలో నొప్పి ఉంటే, ఎక్స్‌రే మంచిగా ఉందన్నా నమ్మి ఊరుకోకండి.

పాటూరు_మగ్గం
ఉదయగిరి తమ్ముడికి. మీ అమ్మగారిది నాకు వచ్చిందే అనిపిస్తోంది. మగ్గం మీద నాడె ఆడించడానికి తాడు లాగే చెయ్యి నాకు అట్లాగే పట్టేసింది. బొటనవేలిని మడిచి పిడికిలి లోపల పెట్టి, పిడికిలిని చిటికెన వేలి వైపుకు మెల్లిగా వంచమనండి. బొటనవేలి వైపు చురుక్కుమంటే అదే, డీ క్వెర్వెయిన్ అంటారు. రెండు టెండన్లు దూరే తొడుగు మందమవుతుంది. మా కోడలికి కానుపయ్యాక బిడ్డను చంకల కింద పట్టి ఎత్తి ఎత్తి ఇదే వచ్చింది. ఆమెకు బొటనవేలు కదలకుండా పట్టే స్ప్లింట్‌తో తగ్గింది, నాకు ఇంజెక్షన్ దాకా పోయింది. స్టీరాయిడ్ ఇంజెక్షన్ కాబట్టి షుగరు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి, కొద్ది రోజులు షుగరు పెరుగుతుంది.

ఉదయగిరి_కొయ్యపని
అమ్మ చేత చేయించాను, వెంటనే చెయ్యి లాక్కుంది. పిన్నికి చిటికెన వేలు బాగుంది, మిగతావే మొద్దుబారుతున్నాయి. ఇద్దర్నీ నెల్లూరు తీసుకెళ్తాను. పని మానేయమని మాత్రం చెప్పలేను. పట్టులో ఏమైనా మార్చొచ్చా?

ఒంగోలు_ఫిజియో
మార్చొచ్చు. మణికట్టును కిందికి పూర్తిగా వంచి పిడికిలి బిగించి చూడండి, బలం రాదు. కొద్దిగా వెనక్కి వాల్చి బిగిస్తే వస్తుంది. చెయ్యి ముందుకు వంగినప్పుడు వేళ్లు ముడిచే కండరాలు అప్పటికే కురచబడి ఉంటాయి, ఇంకా లాగలేవు. అందుకని ఆకురాయి పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి, చెక్కను ఒక బల్లకు బిగించి కొంచెం ఎత్తులో పెట్టండి. అప్పుడు మణికట్టు వంగకుండా మోచేతి నుంచి రుద్దొచ్చు. నొప్పి ఉన్నన్నాళ్లు అమ్మగారు బిందె కింద రెండు చేతులూ పెట్టి, అరచేతులు పైకి ఉండేలా ఎత్తాలి.

ఉదయగిరి_కొయ్యపని
చెక్క బిగించడానికి బాబాయి ఇవాళే బల్ల తయారు చేస్తానన్నాడు. డాక్టరు ఏమన్నారో ఇక్కడే రాస్తాను.