బరువు తగ్గించే ఆపరేషన్‌కు ఒక్క యాంటీబయోటిక్ ఇంజెక్షన్ సరిపోతుందా?

ప్రశ్న: మా అక్కకు వచ్చే వారం స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గేందుకు జీర్ణాశయంలో కొంత భాగం కోసి తీసేసేది) ఉంది. ఆమె బరువు 128 కిలోలు. ఆపరేషన్‌కు ముందు ఒక్క యాంటీబయోటిక్ ఇంజెక్షన్ ఇస్తామని, తర్వాత మాత్రలు అక్కర్లేదని సర్జన్ గారు అన్నారు. అయిదు రోజుల కోర్సు లేకపోతే కుట్లు చీము పడతాయేమోనని అమ్మ భయపడుతున్నారు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: సర్జన్ గారి మాట సరైనదేనండి. కోత పెట్టే క్షణానికే మందు రక్తంలోనూ, చర్మం కింది కొవ్వులోనూ తగినంత చేరి ఉండాలి కాబట్టి, సాధారణంగా వాడే సెఫజోలిన్ అనే యాంటీబయోటిక్‌ను కోతకు ముందు 60 నిమిషాల లోపు నరం ద్వారా ఇస్తారు. కొవ్వుకు రక్తప్రసారం తక్కువ కనుక అక్కడికి మందు తక్కువగా చేరుతుంది. అందుకే మామూలుగా 2 గ్రాములిచ్చే ఈ మందును 120 కిలోలు, ఆపైన ఉన్నవారికి 3 గ్రాములివ్వాలని 2013 నాటి అమెరికా మార్గదర్శకాలు సూచించాయి. 2 గ్రాములే చాలుననే వైద్యులూ ఉన్నారు. కాబట్టి ఆ రోజు తూచిన బరువు మత్తు డాక్టరు గారికి తప్పక తెలియాలి. మొదటి డోసు ఇచ్చి నాలుగు గంటలైనా ఆపరేషన్ ముగియకపోతే, లేదా రక్తం బాగా పోతే, మరో డోసు ఇస్తారు.

ఇలాంటి ఆపరేషన్లలో కోత మూసిన తర్వాత, లోపలి ద్రవం బయటికి పోయేందుకు పెట్టే డ్రెయిన్ గొట్టం ఉన్నా సరే, నివారణ కోసం ఇంకా యాంటీబయోటిక్ ఇవ్వనవసరం లేదని 2017లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ స్పష్టం చేసింది. అదనపు రోజులు వాడితే విరేచనాలు, మందులకు లొంగని క్రిములు పెరిగే ప్రమాదమే ఎక్కువ.

ప్రశ్న: ధన్యవాదాలండి. అక్కకు చిన్నప్పుడు పెన్సిలిన్ పడలేదట, షుగరు కూడా ఉంది. ఫరవాలేదా?

జవాబు: ఆ రెండూ ముందే చెప్పండి. పెన్సిలిన్‌తో దద్దుర్లు మాత్రమే వచ్చాయా, ఊపిరాడక ఇబ్బంది పడ్డారా అన్నది అమ్మగారిని అడిగి రాసుకెళ్లండి. సెఫజోలిన్ నిర్మాణం వేరు కనుక పెన్సిలిన్ పడనివారిలో చాలామందికి దాన్ని ఇవ్వగలరు, కానీ ఆ నిర్ణయం డాక్టర్లదే. బదులుగా వాంకోమైసిన్ ఎంచుకుంటే నెమ్మదిగా ఎక్కించాలి కాబట్టి మరింత ముందుగా మొదలుపెడతారు. షుగరు 200 దాటకుండా చూడడం కూడా మందంత ముఖ్యం. ఇంట్లో రేజరుతో పొట్ట గీయించుకోవద్దని చెప్పండి. ఆ సన్నని గాట్లలోనే క్రిములు చేరతాయి.

ఇంకొక్క మాట. జీర్ణాశయపు కుట్ల దగ్గర లీకేజీని ఏ మాత్రలూ ఆపలేవు. ఇంటికొచ్చాక జ్వరం, కడుపు నొప్పి, ఎడమ భుజం నొప్పి, లేదా విశ్రాంతిలోనూ నాడి 120 దాటడం కనిపిస్తే, ఇంట్లో మిగిలిన యాంటీబయోటిక్ వేసి చూద్దామనుకోకుండా, రాత్రయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.