"బోన్" అంటే ఎముకేనా? ఉక్కు బద్దల లంగాకు తెలుగు మాటలు

అనువాదకురాలు (ప్రశ్న)
అందరికీ నమస్కారం. బాల్ గౌను కింద వేసుకునే హూప్ స్కర్టు, అంటే ఉక్కు వలయాలతో గంటలా విచ్చుకుని నిలబడే లంగా, కుట్టే పద్ధతిని తెలుగులో రాస్తున్నాను. "స్టీల్ బోన్లను కేసింగులో దూర్చి చివరలు కలపాలి" అనే చోట ఆగిపోయాను. మొదట "ఉక్కు ఎముకలను తొడుగులో దూర్చి" అని రాశాను. చదివితే కుట్టుపని గుర్తుకు రావడం లేదు. బోన్ (లంగాను నిలబెట్టే ఉక్కు పట్టీ), హూప్ (దాని చివరలు కలిపితే అయ్యే వలయం), కేసింగ్ (దాన్ని దూర్చడానికి గుడ్డకు కుట్టే దారి), ఈ మూడింటికీ మిషను ముందు కూర్చున్నవాళ్లకు వెంటనే తట్టే మాటలు కావాలి. వస్తువు మొత్తానికి "వలయ లంగా" అని పెట్టాను, అదీ కుదిరినట్టు లేదు.

దర్జీ
ఎముక తీసేసి "బద్ద" అనండి. ఈ పనికి వాడేది గుండ్రటి తీగ కాదు, చదునైన స్ప్రింగు ఉక్కు. గుడ్డ తొడుగుతో కలిపి 10 నుంచి 12 మిల్లీమీటర్ల వెడల్పు, ఉక్కు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. వెడల్పు ముఖం వైపు తేలిగ్గా వంగుతుంది, అంచు వైపు వంగదు. అందుకే చివరలు కలిపితే గుండ్రంగా నిలబడుతుంది, పైకీ కిందకీ అలలు తిరగదు. తీగకు ఆ గుణం లేదు. బరువు ఎటు పడితే అటు వంగుతుంది. మీరు "ఉక్కు తీగ" అని రాస్తే చదివినవాళ్లు తీగే కొంటారు, నాలుగు మీటర్ల గుడ్డ వృథా అవుతుంది. మాట తప్పితే పని తప్పే చోటు ఇది.

నిఘంటువు పని చేసే సభ్యుడు
బద్ద మంచి మాటే కానీ ఒక అభ్యంతరం ఉందండీ. బద్ద అంటే చీల్చగా వచ్చిన ముక్క. వెదురు బద్ద, కొబ్బరి బద్ద, పప్పు బద్ద అన్నీ అలా వచ్చినవే. "బద్దలైంది" అన్నప్పుడూ పగిలి చీలడమే అర్థం. ఉక్కును ఎవరూ చీల్చరు కదా. పైగా బద్ద అనగానే వెదురు తెచ్చుకుంటారేమో.

దర్జీ
నాలుకబద్ద ఏం చేస్తారండీ మరి? రాగిదైనా స్టీలుదైనా అది నాలుకబద్దే. సన్నటి చదును లోహపు పట్టీని రెండు చేతులతో వంచి వాడతాం. మన బద్ద గుణం సరిగ్గా అదే. కొలబద్ద కూడా స్టీలుది వస్తుంది, ఎవరూ పేరు మార్చలేదు. చీల్చడం అనేది పాత అర్థం, ఇప్పుడు మిగిలింది ఆకారం. వెదురు తెస్తారని భయమైతే మొదటిసారి "ఉక్కు బద్ద" అని రాసి, తర్వాత వట్టి "బద్ద" అనండి.

దుస్తుల చరిత్ర చదివే సభ్యురాలు
ఈ వాదనకు బలం ఆ దుస్తుల పేర్లలోనే ఉంది. 15వ శతాబ్దపు స్పెయిన్‌లో ఇలాంటి లంగాను "వెర్దుగాదో" అన్నారు. "వెర్దుగో" అంటే లేత కొమ్మ. చెట్టు కొమ్మ పేరే లంగాకు వచ్చింది. 18వ శతాబ్దంలో నడుముకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండేదాన్ని "పానియే" అన్నారు, ఫ్రెంచిలో దాని అర్థం బుట్ట. "క్రినోలిన్" అంటే మొదట గుర్రపు వెంట్రుకలూ నారదారమూ కలిపి నేసిన బిరుసు గుడ్డ, దానితో కుట్టిన లోపావడాకూ ఆ పేరే వచ్చింది. 1856లో ఉక్కు చట్రానికి పారిస్‌లో పేటెంటు తీసుకున్నారు. గుర్రపు వెంట్రుకలు పోయినా పేరు పోలేదు. కాబట్టి ఉక్కుకు బద్ద అనడంలో తప్పు లేదు.

"బోన్" కథ కూడా వినండి. పాత దుస్తుల్లో పెట్టిన "వేల్ బోన్" ఎముక కానే కాదు. కొన్ని రకాల తిమింగలాల నోట్లో దువ్వెన పళ్లలా వేలాడే పలకలను సన్నగా చీల్చి వాడేవారు. మన గోళ్లూ పశువుల కొమ్ములూ ఏ పదార్థంతో అవుతాయో ఆ పలకలూ దానితోనే అవుతాయి. అసలే ఎముక కానిదాన్ని తెలుగులో ఎముక చేయడం రెండింతల తప్పు. చీల్చి తీసినవి కాబట్టి బద్ద మాట వాటికి ఇంకా బాగా నప్పుతుంది!

నిఘంటువు పని చేసే సభ్యుడు
నాలుకబద్దతో నా అభ్యంతరం పోయింది. బద్ద ఖాయం చేయండి. అయితే హూపుకు వేరే మాట కావాలి. కొనేటప్పుడు పొడవుగా ఉండేది బద్ద, చివరలు కలిపాక అయ్యేది వేరు. "కట్టు" అనుకున్నాను, పీపాకు ఇనుప కట్టు వేస్తాం కదా. కానీ కట్టుకు అర్థాలు ఎక్కువ. "చుట్టు" ఎలా ఉంటుంది?

దర్జీ
చుట్టు బాగుంది. "నడుము నుంచి మూడో చుట్టు" అంటే ఎవరికైనా తెలుస్తుంది. అయితే కొన్నప్పటి ఉండను "చుట్ట" అనకండి, ఒక్క ఉకారం తేడాతో చదివేవాళ్లు పొరబడతారు. దాన్ని "కట్ట" అనండి. ఆ కట్ట దగ్గర హెచ్చరిక కూడా రాయండి: రెండు మూడు చోట్ల గుడ్డ పీలికతో కట్టి ఉంచి, కావలసినంతే బయటికి లాగాలి. అన్ని కట్లూ ఒకేసారి కోస్తే ఉక్కు విసురుగా విప్పుకుని ముఖానికి కొడుతుంది. బద్ద కోసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలి. రేకులు కోసే కత్తెర వాడాలి, గుడ్డ కత్తెరతో కోస్తే దాని అంచు పోతుంది.

అనువాదకురాలు
చుట్టు రాసుకున్నాను. కొలతల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. "హూప్ సైజు" అని ఉన్న చోట వ్యాసం అనాలా, చుట్టుకొలత అనాలా? "లెంగ్త్" అన్నచోటల్లా "పొడవు" అని రాస్తే చాలా?

దర్జీ
రెండూ విడివిడిగా తేల్చాలి. కుట్టేవాళ్లకు కావలసింది చుట్టుకొలత. 285 సెంటీమీటర్ల చుట్టు అంటే అడ్డంగా 91 సెంటీమీటర్లే. ఎవరైనా 285ను వ్యాసం అనుకుంటే లంగా గదిలో పట్టదు.

"పొడవు" ఇంకా ప్రమాదం. లంగా గంటలా విచ్చుకుంటుంది కాబట్టి గుడ్డ వెంట కొలిచేది ఏటవాలు పొడవు, నేలకు కొలిచేది నిలువు ఎత్తు. లెక్క వేసి చూపిస్తాను. నడుము 75, చెప్పులతో కలిపి నడుము నుంచి నేలకు 104 సెంటీమీటర్లు అనుకుందాం. ఆరు చుట్లు. పైనుంచి చుట్టుకొలతలు 150, 190, 225, 252, 272, 285. మొదటి చుట్టు నడుముకు 25 సెంటీమీటర్ల కింద, తర్వాత ప్రతి చుట్టుకూ మధ్య 13.5. గుడ్డ వెంట కొలిస్తే కింది చుట్టు 92.5 దగ్గర ఉంటుంది. కానీ గుడ్డ పక్కకు విచ్చుకుంటుంది కాబట్టి నిలువున దిగేది సుమారు 85 మాత్రమే. అంటే నేలకు 19 సెంటీమీటర్ల ఎత్తులో ఆగుతుంది. నాట్యం చేసేవాళ్లకు అంత ఖాళీ అవసరం, అంతకన్నా బాగా కిందకు దించితే అడుగు వేసినప్పుడు చెప్పు మడమ చుట్టులో తగులుకుంటుంది. ఈ ఏడున్నర సెంటీమీటర్ల తేడా చూసుకోకుండా నిలువు ఎత్తుకే గుడ్డ కోస్తే లంగా అనుకున్నదానికన్నా పొట్టిగా తేలి, గౌను కింది అంచు చుట్టు మీంచి లోపలికి ముడుచుకుపోతుంది. "ఏటవాలు పొడవు", "నిలువు ఎత్తు" అని రెండు మాటలు వాడి తీరాలి.

ఆరు చుట్లూ కలిపితే 13.74 మీటర్లు. ఒక్కో అతుకుకు 5 సెంటీమీటర్లు కలిపితే 14 మీటర్లు. 15 మీటర్ల కట్ట తీసుకోమని రాయండి.

అనువాదకురాలు
కేసింగుకు "తొడుగు" ఉంచవచ్చా?

నాటక దుస్తులు కుట్టే సభ్యురాలు
తొడుగు వద్దండీ. బద్ద మీద నేసిన గుడ్డో ప్లాస్టిక్కో ఒకటి ముందే ఉంటుంది, తొడుగు అనదగ్గది అదే. లంగాకు కుట్టే దారిని "నేఫా" అనండి. లంగా బొందు దూర్చే మడతకు ఆ మాట వాడతారు కదా.

నిఘంటువు పని చేసే సభ్యుడు
నేఫా ఉర్దూ నుంచి వచ్చిన మాట, వాడుకలో స్థిరపడింది. అయితే బొందు నేఫా గుడ్డను దగ్గరికి లాగి కుచ్చులు వేస్తుంది. ఇక్కడ గుడ్డ కుచ్చులు పడకూడదు కదా?

నాటక దుస్తులు కుట్టే సభ్యురాలు
పడకూడదు, అందుకే నేఫా వెడల్పు చెప్పడం ముఖ్యం. 12 మిల్లీమీటర్ల బద్దకు లోపలి ఖాళీ 16 ఉండాలి. 22 మిల్లీమీటర్ల గట్టి నూలు టేపు తీసుకుని రెండు అంచుల నుంచీ 3 మిల్లీమీటర్లు వదిలి కుడితే సరిగ్గా 16 మిగులుతుంది. ఖాళీ 20 దాటితే లోపల బద్ద పొర్లి అంచు మీద నిలబడుతుంది, బయటికి గౌను మీద గీత కనబడుతుంది. 13కు తగ్గితే అతుకు దగ్గర లావు దూరదు.

పై రెండు చుట్లకు తిన్నని టేపు పనికిరాదు. అక్కడ లంగా బాగా విచ్చుకుంటుంది కాబట్టి 22 మిల్లీమీటర్ల టేపులోనే పై అంచు చుట్టుకొలతకూ కింది అంచు చుట్టుకొలతకూ 6 సెంటీమీటర్లకు పైగా తేడా వస్తుంది. తిన్నని టేపు పెడితే ముడతలు ఖాయం. అక్కడ క్రాసుగా, అంటే నేతకు ఏటవాలుగా, కోసిన పట్టీ వేయాలి. అట్టడుగు చుట్టులో ఆ తేడా 2 సెంటీమీటర్లే, 285లో అది కనబడదు, తిన్నని టేపు చాలు.

నేఫాలన్నీ కుట్టాకే బద్ద దూర్చాలి. ముందే పెట్టి కుడితే సూది ఉక్కుకు తగిలి విరుగుతుంది. ప్రతి నేఫాలో వెనక వైపు 4 సెంటీమీటర్లు కుట్టకుండా వదలాలి, ఉతికేటప్పుడు బద్ద తీయాలి కదా. తీయకుండా నీళ్లలో వేస్తే కోసిన చివర్ల దగ్గర తుప్పు పట్టి మరక గౌను దాకా వస్తుంది.

ఇంకో మాట, బద్దను ముందే కొలిచి కోయమని రాయకండి. దూర్చి, చివరలు ఒకదాని మీద ఒకటి వేసి క్లిప్పు పెట్టి, లంగాను నడుము ఎత్తులో వేలాడదీసి చూడాలి. బద్ద ఎక్కువైతే చుట్టు అలలుగా తిరుగుతుంది. తక్కువైతే గుడ్డ ఒకచోట పోగవుతుంది. సరిచూశాకే కోత.

దర్జీ
కలిపే చోటును "అతుకు" అనండి, "ముడి" కాదు. 5 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టి గుడ్డ టేపుతో బిగించి చుట్టాలి. లేదా రెండు చివరలూ చిన్న లోహపు గొట్టంలో ఎదురెదురుగా పెట్టి పట్టకారుతో నొక్కాలి, అప్పుడు ఆ 5 సెంటీమీటర్లు అక్కరలేదు. ఏ పద్ధతైనా కోసిన చివరను ముందు ఆకురాయితో అరగదీసి టోపీ తొడగాలి. వట్టి చివర నేఫాను నెమ్మదిగా కోసుకుంటూ బయటికి వస్తుంది. అతుకు దగ్గర బద్ద బిరుసెక్కి చుట్టు కొంచెం చదునవుతుంది, అందుకే ఆరు అతుకులూ ఒకే వరసలో పెట్టకూడదు. ఒకటి వెనక ఎడమకు, తర్వాతిది వెనక కుడికి.

అనువాదకురాలు
చివరగా వస్తువు పేరు. "బుట్ట లంగా" అందామా? ఫ్రెంచి మాటకూ అదే అర్థమని తెలిసింది కదా.

నాటక దుస్తులు కుట్టే సభ్యురాలు
వినడానికి ముచ్చటగా ఉంది కానీ బుట్ట చేతుల వల్ల చిక్కు. బుట్ట చేతుల్లో చట్రం ఉండదు, వట్టి కుచ్చులే ఉబ్బుతాయి. బుట్ట లంగా అంటే కింద ముడిచి ఉబ్బించిన లంగా అనుకుంటారు. "బద్దల లంగా" అంటే లోపల ఏముందో పేరే చెబుతుంది.

దుస్తుల చరిత్ర చదివే సభ్యురాలు
గుడ్డ లేకుండా నిలువు టేపులకు చుట్లు వేలాడేదాన్ని మాత్రం "పంజరం లంగా" అందాం, అది వేరే నిర్మాణం. అందులో అట్టడుగు రెండు మూడు చుట్ల మధ్య గుడ్డ కట్టకపోతే కాలు సందులో దూరి మనిషి పడిపోతుంది. "బంతి గౌను" అని కూడా ఎక్కడో చూశాను, మీరు అలా రాయకండి. ఈ బాల్ అంటే నృత్య సభ, బాలే అన్న మాటకూ ఇదే మూలం. బాల్ గౌను అనే ఉంచండి.

అనువాదకురాలు
మీ అందరి సాయంతో వాక్యాలు ఇలా మారాయి: "ఉక్కు బద్దను నేఫాలో దూర్చి, చుట్టు గుండ్రంగా వచ్చిందో లేదో చూసుకుని, అతుకు వేయాలి. బద్దల లంగా మీద కుచ్చుల లోపావడా వేస్తే చుట్ల గీతలు గౌనులో కనబడవు. దాచేటప్పుడు చుట్లను మడిచి పెట్టాలి."

దర్జీ
చివరి వాక్యంలో "మడిచి" తీసేయండి. గుడ్డను మడుస్తాం, బద్దను వంచుతాం. మడిస్తే ఉక్కులో విరుపు పడుతుంది, అక్కడ మూల తేలి చుట్టు మళ్లీ గుండ్రం కాదు. "చుట్లను ఒకదాని మీద ఒకటి పరిచి పెట్టాలి, లేదా నడుము పట్టీతో వేలాడదీయాలి" అని రాయండి.